బ్లేడు కాలుతో 400 మీటర్లు: ఫైనల్లో దిగనివ్వాలా, వద్దా?

లంక కుర్రోడు | భోగి, మధ్యాహ్నం

పండగ శుభాకాంక్షలండి అందరికీ. ఒక చిక్కొచ్చిపడింది, సలహా కావాలి.

అంబాజీపేట దగ్గర మా ఊళ్లో ఏటా సంక్రాంతికి ఆటల పోటీలు పెడతాం. ముగ్గులు, కబడ్డీ, తాడులాట, పరుగు పందాలు. 400 మీటర్లకి ఈసారి ఒక దాత పదిహేను వేలు ఇచ్చారు, దాంతో చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు కూడా దిగారు. అందులో ఒకతనికి కుడికాలు మోకాలి కింద నుంచి లేదు, లారీ ప్రమాదంలో పోయింది. ఎవరో ట్రస్టు వాళ్లు పరుగుకి వాడే బ్లేడు (వంపు తిరిగిన పట్టీలాంటి కృత్రిమ కాలు) పెట్టించారట. పొద్దున్న హీట్స్‌లో, అంటే ఫైనల్‌కి ముందు వడపోత పరుగుల్లో, రెండో స్థానంలో వచ్చాడు. ఫైనల్లో ఉండే ఆరుగురిలో అతనొకడు.

హీట్‌లో ఓడిపోయినవాళ్లు కాయితం రాసిచ్చారు: "అది స్ప్రింగు. మేం కాళ్లతో పరుగెత్తాం, అతను మిషన్‌తో పరుగెత్తాడు." మా కరపత్రంలో పాతికేళ్లలోపు వాళ్లెవరైనా రావచ్చు అని తప్ప ఇంకే రూలూ లేదు. ఫైనల్ కనుమ నాడు. కమిటీలో సగం ఇటు, సగం అటు. ప్రెసిడెంటుగారు రెండు వైపులకీ తల ఊపుతున్నారు. ఏం చేయమంటారు?

యానాం ఎక్స్‌ప్రెస్ | భోగి, మధ్యాహ్నం

రూల్లో లేదుగా, దిగనివ్వండి. కరపత్రం అచ్చేసినప్పుడు రాని అనుమానం హీట్స్ అయ్యాక ఎందుకొచ్చింది?

భీమవరం బుల్లోడు | భోగి, మధ్యాహ్నం

ఏవండోయ్, మన జిల్లాల్లో ఈ ముక్క ఎవరికైనా చెప్పాలా? కత్తి కట్టకుండా ఆడించే డింకీ పుంజుని తీసుకొచ్చి కత్తి కట్టిన పుంజు ముందు వదుల్తామా? వదిలితే బరి చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకుంటారా? ఒకడి కాలికి ఉన్నది ఇంకొకడి కాలికి లేదంటే అది జోడీ కాదు. కుర్రాడి మీద నాకే కోపం లేదు. పందెం పందెమే.

పాలకొల్లు రన్నర్ | భోగి, సాయంత్రం

బుల్లోడుగారూ, పుంజుకి కత్తి ఉన్న కాలికి అదనంగా కడతారు. ఇక్కడ కాలే లేదు. ముందు పుంజు కాలు తీసేసి ఆ తర్వాత కత్తి కట్టి చూడండి, దాని మీద మీరెంత కాస్తారో చెప్పండి.

భీమవరం బుల్లోడు | భోగి, సాయంత్రం

బాగానే అన్నావమ్మా. మరి కాలు లేనివాడు కాళ్లున్నవాళ్లని దాటుకుని రెండో స్థానంలో ఎలా వచ్చాడు? ఆ బ్లేడులో ఏదో ఉన్నట్టేగా?

రిటైర్డ్ పీఈటీ, అమలాపురం | భోగి, రాత్రి

"ఆ బ్లేడులో ఏదో ఉంది" అన్న మాట మీద 2007 నుంచీ ప్రపంచమంతా కొట్టుకుంటోంది. కాస్త ఓపిక పట్టి చదవండి.

దక్షిణాఫ్రికా ఆస్కర్ పిస్టోరియస్ రెండు కాళ్లలోనూ పుట్టుకతోనే ఒక ఎముక లేదు. పదకొండు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే మోకాళ్ల కింద తీసేశారు. అతను మామూలు రన్నర్లతో సమానంగా పరుగెత్తడం మొదలుపెట్టేసరికి, 2007లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య స్ప్రింగులు, చక్రాలు ఉన్న పరికరాలు వాడకూడదని రూలు చేర్చింది. ఆ ఏడాది చివర్లో జర్మనీలోని కొలోన్‌లో ప్రొఫెసర్ బ్రుగ్గెమాన్ అతన్ని పరీక్షించారు. కాళ్లున్నవాళ్లతో సమానమైన వేగంలో పరుగెత్తడానికి ఇతనికి పాతిక శాతం తక్కువ శక్తి చాలుతోందన్నారు. 2008 జనవరిలో నిషేధం పడింది. మే నెలలో స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది.

ఎందుకు కొట్టేసిందన్నది చూడాలి. పరీక్ష జరిగింది తిన్నటి దారిలో, పూర్తి వేగం అందుకున్నాక. కూర్చున్నవాడు లేచి వేగం పుంజుకునే మొదటి భాగాన్ని లెక్కలోకి తీసుకోలేదు. బ్లేడువాళ్లు వెనకబడేది అక్కడే. మొత్తం పందెం మీద నికరంగా లాభం ఉందని మీరు రుజువు చేయలేదు అన్నారు. ఈ తీర్పు ఈ మనిషికి, ఈ బ్లేడ్లకి మాత్రమే అని కూడా రాశారు. పిస్టోరియస్ 2012 లండన్ ఒలింపిక్స్ 400 హీట్‌లో 45.44 సెకన్లకి వచ్చాడు, సెమీఫైనల్లో 46.54తో ఆఖరున ఉన్నాడు. తర్వాత ఆ మనిషి చేసిన హత్యని ఇక్కడికి లాగకండి, అది వేరే సంగతి.

400 మీటర్లంటే లేవడం ఒకటి, వంపులు ఒకటి, తిన్నటి దారి ఒకటి, ఆఖరి వందలో ఊపిరి ఒకటి. ఒక్క ముక్క కొలిచి మొత్తానికి తీర్పు చెప్పేయకూడదు.

యానాం ఎక్స్‌ప్రెస్ | భోగి, రాత్రి

అయితే తేలిపోయినట్టే కదా మాస్టారూ?

రిటైర్డ్ పీఈటీ, అమలాపురం | భోగి, రాత్రి

తేలలేదు బాబూ. 2008లో పిస్టోరియస్ తరఫున కొలతలు తీసిన శాస్త్రవేత్తలే 2009లో రెండుగా చీలిపోయారు. పీటర్ వెయాండ్ అనే ఆయన, బ్లేడు తేలిక కాబట్టి కాలు గాల్లో ముందుకి తిప్పుకోవడం మామూలు మనిషికి సాధ్యంకానంత త్వరగా జరుగుతోంది, 400లో పది సెకన్ల దాకా లాభం అన్నారు. హ్యూ హెర్, రోజర్ క్రామ్ వగైరా అదేం కుదరదన్నారు. ఒకే జట్టు, అవే కొలతలు. అంతటివాళ్లకే తెగకపోతే మీ ప్రెసిడెంటుగారు రెండు వైపులకీ తల ఊపడంలో తప్పేముంది!

మెకానికల్ మూడో సంవత్సరం | భోగి, రాత్రి

స్ప్రింగు అనగానే అదేదో తనంతట తను మనిషిని ముందుకి తోసేస్తుందనుకుంటున్నారు. అందులో మోటారు లేదు, బ్యాటరీ లేదు. కార్బన్ ఫైబర్ పట్టీని వంపు తిప్పారు, అంతే. ఒంటి బరువు పడితే వంగి శక్తి దాచుకుంటుంది, లేచేటప్పుడు తిరిగిస్తుంది. దాచుకున్నదానికంటే పిసరు ఎక్కువ ఇవ్వలేదు. మన పిక్క, మడమ వెనక ఉండే టెండన్ అనే గట్టి పట్టీ చేసేదీ ఇదే, పైగా కండరం కొత్తగా శక్తి పుట్టిస్తుంది. బ్లేడుకి ఆ పుట్టించడం లేదు.

రెండో వైపు కూడా చెప్పాలి కదా. బ్లేడుకి అలుపు రాదు. ఆఖరి వందలో మన పిక్కలు రాయిలా బిగుసుకుపోతాయి, దానికా బాధ లేదు. అందుకే ఒకటి రెండు వాక్యాల్లో తేలదు ఇది.

ఇంకో సంగతి. పిస్టోరియస్‌కి రెండు కాళ్లకీ బ్లేడ్లు. మీ కుర్రాడికి ఒక్క కాలికే. 2010లో అలీనా గ్రబోవ్‌స్కీ వాళ్లు ఒంటికాలి బ్లేడు రన్నర్లని కొలిస్తే, బ్లేడు కాలు నేల మీద పెట్టే బలం మంచికాలి కంటే సుమారు 9 శాతం తక్కువగా తేలింది. గాల్లో తిప్పుకునే సమయం రెండు కాళ్లకీ ఒకటే. అంటే వెయాండ్‌గారి వాదన ఒంటికాలి వాళ్లకి అతకదు.

గోదారి గాలి | భోగి, రాత్రి

రేపే మావాడికి రెండు బ్లేడ్లు కొనేస్తాను, ఎల్లుండి ఒలింపిక్స్‌కి పంపేస్తాను 😂

మోడరేటర్ | భోగి, రాత్రి

గోదారి గాలిగారూ, ఈ ఒక్కటీ ఉంచాను. దీని తర్వాత కుంటి అంటూ రాసినది తీసేశాను. మళ్లీ రాస్తే పండగంతా బయటే.

సాకెట్ మేస్త్రి, రాజమండ్రి | సంక్రాంతి, ఉదయం

నేను కాళ్లు బిగించే పనిలో ఉన్నాను. ఈ కుర్రాడిది కాదు గానీ, ఇలాంటివి చేతుల మీదుగా వెళ్లాయి. పుస్తకాల సంగతి మాస్టారు చెప్పారు. బరిలో ఏమవుతుందో నేను చెప్తాను.

బ్లేడు వేసుకున్నవాడు ఒకచోట స్థిమితంగా నిలబడలేడు. మడమ ఉండదు కదా, ఊగుతూనే ఉండాలి. విజిల్ కోసం గీత దగ్గర నిలబెడితే సగం ప్రాణం అక్కడే పోతుంది. లేవడంలో వెనకబడతాడు. తర్వాత సాకెట్. కాలు తెగినచోట మిగిలిన భాగాన్ని మేం స్టంప్ అంటాం. దాని మీద సిలికాన్ లైనర్, అంటే మెత్తటి తొడుగు. లైనర్ మీద సాకెట్, అంటే బ్లేడు బిగించే గట్టి గిన్నె. మన కోనసీమ ఉక్కలో చెమట పడితే లైనర్ లోపల జారుతుంది. పొద్దున్న ఉన్న లావు మధ్యాహ్నానికి ఉండదు, స్టంప్ తగ్గుతుంది, సాకెట్ వదులవుతుంది. అప్పుడు పరుగెత్తితే చర్మం లేచిపోతుంది. హీట్ అయ్యాక ఆ పిల్లాడి స్టంప్ ఎవరైనా చూశారా?

బ్లేడు గట్టితనం మనిషి బరువును బట్టి ఇస్తారు. ట్రస్టు ఇచ్చిన రోజుకి ఉన్న బరువు ఇప్పుడు లేకపోతే అది అతనికి సరైన బ్లేడు కూడా కాదు.

గ్రౌండ్ సంగతి అడగాలి. హైస్కూలు గ్రౌండేనా? 200 మీటర్ల చుట్టు అయితే రెండు రౌండ్లు, అంటే నాలుగు వంపులు, అవీ బిగుతు వంపులు. మనం ఎడమచేతి వైపు తిరుగుతూ పరుగెడతాం కాబట్టి ఎడంకాలు లోపలి వైపుంటుంది. బ్లేడు ఎడంకాలికి ఉంటే వంపులో వేగం బాగా పడిపోతుంది. ఇతనిది కుడికాలు, ఆ మేరకి నయం. ఇసక ఉంటే మాత్రం బ్లేడు కొన దిగబడుతుంది.

ఇన్ని చెప్పి "లాభమా నష్టమా" అంటే, ఒంటికాలి మనిషికి మీ గ్రౌండులో 400కి లాభం ఉందని నేనైతే అనను. లాంగ్‌జంప్ అడిగితే వేరే చెప్తాను.

లంక కుర్రోడు | సంక్రాంతి, ఉదయం

హైస్కూలు గ్రౌండేనండి, 200 చుట్టే. గడ్డి, అక్కడక్కడా ఇసక. సున్నంతో గీతలు వేశాం. లాంగ్‌జంప్ కూడా ఉందండి! కానీ అందులో అతను పేరివ్వలేదు.

మెకానికల్ మూడో సంవత్సరం | సంక్రాంతి, మధ్యాహ్నం

లాంగ్‌జంప్ అంటే మార్కస్ రేమ్ గురించే అయి ఉంటుంది మేస్త్రిగారూ. జర్మనీ. కుడికాలు మోకాలి కింద లేదు, గెంతేది ఆ బ్లేడు మీంచే. 2014లో ఉల్మ్‌లో జర్మన్ జాతీయ పోటీల్లో కాళ్లున్నవాళ్ల మీద 8.24 మీటర్లు దూకి మొదటి స్థానంలో వచ్చాడు. ఆ ఏడాది యూరప్ పోటీలకి మాత్రం తీసుకెళ్లలేదు. తర్వాత జాతీయ పోటీల్లో దూకనిచ్చారు గానీ కొలత వేరే కాయితం మీద రాశారు. టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్తానంటే 2021లో పిస్టోరియస్‌కి తీర్పిచ్చిన ఆ క్రీడా న్యాయస్థానమే కాదంది. అక్కడ స్వర్ణం 8.41కి వచ్చింది. రేమ్ ఆ ఏడాదే వేరే పోటీలో 8.62 దూకి ఉన్నాడు. 2023లో 8.72.

2016లో అతన్నీ ఇంకొందరినీ కొలిచినవాళ్లు ఏమన్నారంటే, పరుగెత్తుకొచ్చే వేగం తక్కువ, పైకి లేచే ఘట్టంలో మాత్రం బ్లేడు మెరుగు. రెండూ కలిపి నికరం ఎంతో చెప్పలేం అన్నారు.

సాకెట్ మేస్త్రి, రాజమండ్రి | సంక్రాంతి, మధ్యాహ్నం

అదే. పరుగులో బ్లేడు మీద అడుగులు సగమే, మిగతా సగం మంచికాలివి. లాంగ్‌జంప్‌లో ఫలితమంతా ఒక్క అడుగు మీద ఉంటుంది, ఆ అడుగు బ్లేడుది. కాబట్టి "కృత్రిమ కాలు లాభమా" అని గంపగుత్తగా అడగకండి. ఏ ఆట, ఏ కాలు, ఎంత పొడవు అని విడివిడిగా అడగండి.

దింపు బాబాయ్, రాజోలు | సంక్రాంతి, సాయంత్రం

నేను కొబ్బరి దింపు తీసేవాణ్ణి. చెట్టు మీంచి పడి ఎడంకాలు పోయింది. ఇప్పుడు కాయలు లెక్కపెట్టే పని. జైపూర్ కాలు వేసుకుంటాను. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ సేథీ కలిసి చేసిన కాలు అది. చెప్పులేకుండా నడవొచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, చేలో దిగొచ్చు. మనలాంటోళ్లని చూసి చేశారు. పరుగుకి మాత్రం కాదు.

నాకు ఇందులో ఒకటి నచ్చలేదు. కాయితం రాసిచ్చిన కుర్రాళ్లని మీరంతా దుర్మార్గుల్లాగా చూస్తున్నారు. వాళ్లూ పొద్దున్నే కాలవగట్టు మీద పరుగెత్తి వచ్చినోళ్లే. పదిహేను వేలంటే వాళ్లకీ డబ్బే. "అది ఏమిటో మాకు తెలీదు, చెప్పండి" అని అడిగారు. చెప్పాల్సింది కమిటీ. ఇంకో సంగతి, ఆ బ్లేడు లక్షల్లో ఉంటుంది. ఇతనికి ఎవరో ఇచ్చారు కాబట్టి ఈ చర్చ వచ్చింది. మా ఊళ్లో కాలు పోయినోళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు పరుగెత్తితే న్యాయమా అన్యాయమా అని అడిగేవాడు లేడు, పరుగే లేదు కాబట్టి.

పాలకొల్లు రన్నర్ | సంక్రాంతి, సాయంత్రం

బాబాయ్‌గారూ, ఒప్పుకుంటాను. కానీ సాధనాల సంగతికొస్తే ఒకటి అడగనివ్వండి. లంక కుర్రోడుగారూ, ఆ ఆరుగురిలో స్పైక్స్, అంటే అడుగున మేకులున్న బూట్లు, ఎంతమందికి ఉన్నాయి?

లంక కుర్రోడు | సంక్రాంతి, సాయంత్రం

ఇద్దరికి. ఒకతను మామూలు బూట్లు. ఇద్దరు ఉత్తికాళ్లు.

పాలకొల్లు రన్నర్ | సంక్రాంతి, సాయంత్రం

గడ్డి మీద స్పైక్స్‌కీ ఉత్తికాళ్లకీ తేడా ఎంతో పరుగెత్తినవాళ్లకి తెలుసు. దాని మీద కాయితం ఎవరూ రాయలేదే! మారథాన్ బూట్లలో కార్బన్ పలక పెట్టి మందపాటి నురుగు వేశాక రికార్డులు పడిపోతుంటే 2020లో అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, పలక ఒక్కటే ఉండాలి అని గీత గీశారు. ఈతలో 2009 రోమ్ పోటీల్లో ఆ నున్నటి సూట్లతో 43 ప్రపంచ రికార్డులు పోయాయి, 2010 జనవరి నుంచి సూట్లు ఆపేశారు. అంటే సాధనం లాభం ఇస్తే మనిషిని తీసేయలేదు, సాధనానికి కొలత పెట్టారు.

భీమవరం బుల్లోడు | సంక్రాంతి, రాత్రి

ఇదిగో ఇక్కడ నాకు జవాబు చెప్పండి. బూట్లు డబ్బుంటే నేనూ కొనుక్కుంటాను. లేకపోతే దాతని అడుగుతాను. సూటు కూడా అంతే. బ్లేడు వేసుకోవాలంటే నేను కాలు తీయించుకోవాలి. నాకు ఏ దారిలోనూ అందని సాధనం నా పక్క వరసలో పరుగెడుతోంది. లాభం ఉందో లేదో శాస్త్రవేత్తలకే తెలీనప్పుడు, ఆ తెలియకపోవడం నా నెత్తిన ఎందుకు పడాలి?

రిటైర్డ్ పీఈటీ, అమలాపురం | సంక్రాంతి, రాత్రి

బుల్లోడూ, పుంజుల దగ్గర ఆగిపోతావనుకున్నాను. ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన గట్టి ప్రశ్న ఇదే. లాయరమ్మగారు చూస్తున్నారా?

లాయరమ్మ, కాకినాడ | సంక్రాంతి, రాత్రి

అరిసెలు వండుతూ చూస్తూనే ఉన్నాను మాస్టారూ.

"తెలియకపోవడం ఎవరి నెత్తిన పడాలి" అన్నదే బ్లేక్ లీపర్ కేసు. అమెరికా రన్నర్, రెండు కాళ్లకీ బ్లేడ్లు. అప్పటికి అథ్లెటిక్స్ సమాఖ్య రూలు మార్చింది: నాకు లాభం లేదని రన్నరే రుజువు చేసుకోవాలి. 2020 అక్టోబరు తీర్పులో న్యాయస్థానం రెండు ముక్కలు చెప్పింది. ఒకటి, ఆ భారం రన్నర్ మీద వేయడం చెల్లదు, అది వివక్ష. లాభం ఉందనేవాళ్లే చూపించాలి. రెండు, ఈ కేసులో చూపించారు. ఇతని బ్లేడ్లు, అతనికి సొంత కాళ్లుంటే ఉండగలిగిన గరిష్ఠ ఎత్తు కంటే కొన్ని అంగుళాలు ఎత్తుగా నిలబెడుతున్నాయి. కాబట్టి లీపర్ ఓడిపోయాడు, కానీ సూత్రం గెలిచింది.

కాబట్టి బుల్లోడుగారూ, మీ ప్రశ్నకి ఆ కోర్టు జవాబు: తెలియకపోతే దిగనివ్వాలి, ఆపాలనుకునేవాడు కొలిచి చూపించాలి. కాయితం మీద "స్ప్రింగు" అని రాస్తే కొలిచినట్టు కాదు.

మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 30 ఆటల గురించే. ప్రభుత్వాలు వాళ్ల భాగస్వామ్యాన్ని పెంచాలి అంటుంది. పండగ పందేల కమిటీకి అది నేరుగా ఏ రూలూ రాసివ్వదు. కానీ ఎవరైనా అడిగితే "మాకు అనుమానంగా ఉంది" అన్నది గట్టి జవాబు కాదు.

మెకానికల్ మూడో సంవత్సరం | సంక్రాంతి, రాత్రి

దీనికి ఒక కొసరు. లీపర్ కేసులో సమాఖ్య తరఫున సాక్ష్యం చెప్పింది వెయాండ్. లీపర్ వైపు గ్రబోవ్‌స్కీ. తీర్పు వచ్చాక 2022లో గ్రబోవ్‌స్కీ వాళ్లు ఇంకో పరిశోధన ప్రచురించారు: లేవడంలో, వంపుల్లో, పూర్తి వేగంలో ఎక్కడ చూసినా లీపర్‌కి కాళ్లున్న మేటి రన్నర్ల కంటే లాభం కనపడలేదని. ఆవిడ ఒక పక్షం మనిషేగా అని ఎవరైనా అనొచ్చు. వెయాండ్ మీద కూడా అదే అనొచ్చు.

రిటైర్డ్ పీఈటీ, అమలాపురం | సంక్రాంతి, రాత్రి

నేను గమనించిన సంగతి ఒకటి. మన సుమిత్ అంతిల్‌కి ఎడంకాలు మోకాలి కింద లేదు. కుడిచేత్తో జావెలిన్ విసిరేవాడికి ఆఖర్లో బ్రేకు వేసేది ఎడంకాలే. పరుగంతా ఆ కాలి మీద ఆగి చేతిలోకి ఎక్కుతుంది. అంటే అసలు పని జరిగే కాలు కృత్రిమం. 2021 మార్చిలో పాటియాలాలో నీరజ్ చోప్రా ఉన్న పోటీలోనే విసిరాడు. ఎవరైనా అభ్యంతరం చెప్పారా? 2023లో అతను పెట్టిన పారా ప్రపంచ రికార్డు 73.29 మీటర్లు. నీరజ్ ఆ రోజు 88 దాటాడు. దూరం అంతుంది కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో జార్జ్ ఐజర్ చెక్కకాలుతో జిమ్నాస్టిక్స్ చేసి ఒక్కరోజులో ఆరు పతకాలు పట్టుకెళ్లాడు. దాన్ని వింతగా చెప్పుకుంటాం తప్ప అన్యాయం అనం.

గెలవనంతసేపూ స్ఫూర్తి, గెలిచేలా ఉంటే స్ప్రింగు. నాకు అనుమానం అక్కడ.

వేరేవైపు కూడా చూడండి. 2024 పారిస్ పారాలింపిక్స్ హైజంప్‌లో మన ప్రవీణ్ కుమార్ 2.08 దూకి స్వర్ణం తెచ్చాడు. ఒక కాలు పుట్టుకతో పొట్టి, బ్లేడు వాడడు. రజతం వచ్చినవాడు బ్లేడువాడు, 2.06. బ్లేడు ఉంటే చాలు అనుకునేవాళ్లకి ఇది.

కాలువగట్టు కబుర్లు | సంక్రాంతి, రాత్రి

ఇంత గొడవెందుకండీ, అతన్నీ పరుగెత్తించి, ప్రత్యేక బహుమతి అని ఒక షీల్డు ఇచ్చి శాలువా కప్పేస్తే పోదా? అందరూ సంతోషం.

పాలకొల్లు రన్నర్ | సంక్రాంతి, రాత్రి

అతను షీల్డు అడిగాడా? పేరు నమోదు చేసుకుని హీట్‌లో రెండో స్థానం సంపాదించుకున్నాడు. శాలువా కప్పడమంటే పరుగు లెక్కలోంచి తీసేసి పక్కన కూర్చోబెట్టడం.

దింపు బాబాయ్, రాజోలు | సంక్రాంతి, రాత్రి

శాలువా నాకిచ్చినా పర్లేదు, చలిగా ఉంది.

లంక కుర్రోడు | కనుమ, రాత్రి

అందరికీ ధన్యవాదాలండి. పొద్దున్న లాయరమ్మగారు రాసింది, మేస్త్రిగారు రాసింది కమిటీలో చదివి వినిపించాను. అభ్యంతరం చెప్పిన కుర్రాళ్లని కూడా పిలిచాం. వాళ్లలో ఒకతను బ్లేడు పట్టుకుని నొక్కి చూసి, "ఇంత గట్టిగా ఉందేంట్రా" అన్నాడు. మెత్తగా ఎగిరే స్ప్రింగు అనుకున్నారట. దిగనిచ్చాం. నిలబడడానికి ఇబ్బంది అని గీత దగ్గర ఎక్కువసేపు ఆపకుండా విజిల్ వేశాం, అందరికీ అదే విజిల్.

నాలుగో స్థానంలో వచ్చాడు. గొడవేమీ జరగలేదు.

యానాం ఎక్స్‌ప్రెస్ | కనుమ, రాత్రి

కథ సుఖాంతం!

లాయరమ్మ, కాకినాడ | కనుమ, రాత్రి

ఏం సుఖాంతం? నాలుగో స్థానం కాబట్టి గొడవ లేదు. మొదటి స్థానంలో వచ్చి ఉంటే ఇప్పుడు మీ ఊళ్లో పంచాయతీ నడుస్తుండేది. మాస్టారు నిన్న చెప్పింది అదే కదా. వచ్చే ఏటికి రూలు ఇప్పుడు రాయండి, ఎవరొస్తారో ఎవరు గెలుస్తారో తెలియనప్పుడే. మనిషిని చూశాక రాసే రూలు రూలు కాదు, ఆ మనిషి మీద తీర్పు.

భీమవరం బుల్లోడు | కనుమ, రాత్రి

ఈ మాటకి నా ఓటు ఉంది. రూలు ముందే ఉంటే నేను నోరు విప్పను. ఉండి ఓడితే ఓడినట్టే.

లంక కుర్రోడు | ముక్కనుమ, ఉదయం

ఒక ముసాయిదా రాశాను, చూసి చెప్పండి.

"పరుగు పందాల్లో కృత్రిమ కాలుతో ఎవరైనా పాల్గొనవచ్చు, ఫలితం అందరితో కలిపే లెక్క. మోటారు, బ్యాటరీ ఉండకూడదు. అభ్యంతరం ఉంటే హీట్స్‌కి ముందే, కారణం చూపించి ఇవ్వాలి. లాంగ్‌జంప్‌లో బ్లేడు మీంచి గెంతేవారి కొలత వేరుగా రాసి, అంతే బహుమతి ఇస్తాం. రెండు కాళ్లకీ బ్లేడ్లు ఉన్నవారు అంతర్జాతీయ ఎత్తు లెక్క ప్రకారం ఉండాలి."

సాకెట్ మేస్త్రి, రాజమండ్రి | ముక్కనుమ, ఉదయం

మొదటి నాలుగూ బాగున్నాయి. మంచికాలి మీంచి గెంతేవాడైతే కొలత అందరితో కలిపే అని కూడా రాయండి.

ఆఖరి వాక్యంతో మాత్రం చిక్కు. ఒంటికాలివాడికి ఎత్తు గొడవ రాదు, మంచికాలితో సరిపోవాలి కాబట్టి బ్లేడు మరీ పొడుగు పెట్టలేం. రెండు కాళ్లూ లేనివాడిని ఎంత ఎత్తున నిలబెట్టాలన్నది మా చేతిలో ఉంటుంది. 2012 పారాలింపిక్స్ 200 మీటర్లలో బ్రెజిల్ ఒలివేరా 21.45కి వచ్చి పిస్టోరియస్‌ని దాటేశాడు. వెంటనే అతని బ్లేడ్లు మరీ పొడుగు అని గొడవ పెట్టింది ఎవరనుకున్నారు? పిస్టోరియస్సే. లాభం అనే మాట అప్పటిదాకా అతని మీద అన్నారు, ఆ రోజు అతను అన్నాడు.

ఈ ఎత్తుకి పారా క్రీడల అంతర్జాతీయ సమాఖ్య దగ్గర ఒక లెక్క ఉంది: కూర్చున్న ఎత్తు, చేతి ఎముకల పొడవు కొలిచి, కాళ్లుంటే ఎంత ఎత్తుండేవాడో అంచనా వేస్తారు. 2018లో ఆ హద్దు ఇంకా తగ్గించారు.

లాయరమ్మ, కాకినాడ | ముక్కనుమ, ఉదయం

ఆ లెక్క మీద లీపర్ ఏం వాదించాడో కూడా చెప్పాలి. ఆ సూత్రం తయారుచేయడానికి కొలిచిన మనుషుల్లో నల్లజాతివాళ్లు లేరు, తెల్లవాళ్లని, ఆసియావాళ్లని కొలిచి నాకెలా వర్తింపజేస్తారు అన్నాడు. ఒంటికీ కాళ్లకీ ఉండే నిష్పత్తి అన్ని జాతుల్లో ఒకటి కాదు కదా.

భీమవరం బుల్లోడు | ముక్కనుమ, మధ్యాహ్నం

ఆసియా అంటే మన చేతి ఎముకలు కొలిచినట్టేనా? నన్నైతే ఎవరూ కొలవలేదు.

లంక కుర్రోడు | ముక్కనుమ, మధ్యాహ్నం

సరేనండి, ఆ వాక్యం తీసేస్తున్నాను. రెండు కాళ్లకీ బ్లేడ్లున్నవాళ్లు ఎవరైనా వస్తే అప్పుడు చూద్దాం.

సాకెట్ మేస్త్రి, రాజమండ్రి | ముక్కనుమ, మధ్యాహ్నం

"అప్పుడు చూద్దాం" అని వదిలేసినందుకే కదండీ ఈ ఏడు భోగి నాడు ఇక్కడికొచ్చారు. తీసేయొద్దు. నెల ముందు పేరివ్వమని రాయండి. నేను టేపు పట్టుకుని వస్తాను, ఆ మనిషి ఎదురుగానే కొలిచి, ఎంత ఎత్తు ఎందుకు ఒప్పుకున్నామో కాయితం మీద రాసిద్దాం. పడవ ఖర్చులు మాత్రం కమిటీవే.